ఈ1 కార్డు: రిసీవ్‌లో రిటర్న్ లాస్ తక్కువ, చోక్ పెడితే ట్రాన్స్‌మిట్ పల్స్ వంకర

లైన్‌కార్డ్_రఘు
నాలుగు పోర్టుల ఈ1 (సెకనుకు 2048 కిలోబిట్ల టెలికాం లైన్) కార్డు, 120 ఓమ్‌ల జంట తీగ, 3.3 వోల్టుల లైన్ ఇంటర్‌ఫేస్ చిప్. ట్రాన్స్‌మిట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి చిప్ వైపు 1, లైన్ వైపు 2. రిసీవ్‌లో అదే పార్ట్ తిప్పి ఉంది: లైన్ వైపు 1, చిప్ వైపు 2, చిప్ పిన్నుల మధ్య 480 ఓమ్‌లు. డేటాషీట్ ప్రకారం ఇండక్టెన్స్ కనీసం 1.2 మిల్లీహెన్రీ, లీకేజి (రెండో వైండింగ్‌తో కలవకుండా మిగిలే ఇండక్టెన్స్) గరిష్ఠం 0.6 మైక్రోహెన్రీ.

రిసీవ్ పోర్టు దగ్గర కొలిచిన రిటర్న్ లాస్ (లైన్‌లోకి తిరిగి ప్రతిఫలించేది ఎంత చిన్నదో చెప్పే అంకె, ఎక్కువైతే మంచిది): 51 కిలోహెర్ట్జ్‌లో 6 డెసిబెల్, 102లో 11, 2048లో 16. ఈ1 ప్రమాణం జీ.703 అడిగేది 51 నుంచి 102 వరకు 12, అక్కణ్ణుంచి 2048 వరకు 18, ఆపైన 3072 వరకు 14. అంటే రెండు చివరలా తప్పుతోంది.

ఇది కాక రేడియేటెడ్ ఎమిషన్ తగ్గించడానికి ట్రాన్స్‌మిట్ లైన్‌లో 4.7 మిల్లీహెన్రీ కామన్ మోడ్ చోక్ (రెండు తీగల్లోనూ ఒకే దిశలో పారే నాయిస్‌ని ఆపే కాయిల్) పెట్టాం. ఎమిషన్ తగ్గింది, కానీ పల్స్ త్రికోణంలా తయారై, 3 వోల్టులకు బదులు 2 వోల్టులు దాటగానే ఆగిపోతోంది. ఏది మార్చాలి?

ఫెర్రైట్_పిచ్చి
ఆ 1.2 మిల్లీహెన్రీ ఏ పిన్నుల మధ్య? డేటాషీట్ పట్టికలో పిన్ నంబర్లు ఉంటాయి, చూసి చెప్పండి. మిగతా కథంతా దాని మీదే ఉంది.

లైన్‌కార్డ్_రఘు
2 ఉన్న వైపు. ఎక్కువ చుట్లున్న వైండింగ్.

ఫెర్రైట్_పిచ్చి
అయితే కింది చివర, అంటే 51, 102 కిలోహెర్ట్జ్‌ల సంగతి తేలిపోయింది. ఇండక్టెన్స్ చుట్ల వర్గంతో మారుతుంది కాబట్టి 1 ఉన్న వైపు మీకు దొరికేది 1.2లో నాలుగో వంతు, 0.3 మిల్లీహెన్రీ. రిసీవ్‌లో లైన్‌కి తగిలేది అదే.

మీ కొలతతో సరిచూద్దాం. టెర్మినేషన్ సరిగ్గా 120 ఉండి, దానికి సమాంతరంగా రియాక్టెన్స్ ఎక్స్ ఉంటే, రిఫ్లెక్షన్ పరిమాణం = 120 ÷ √((2ఎక్స్)² + 120²). 0.3 అన్నది కనీసం కనుక అసలుది 0.33 అనుకుందాం. దానికి 51 కిలోహెర్ట్జ్ దగ్గర ఎక్స్ 106 ఓమ్‌లు, రిఫ్లెక్షన్ 0.49, అంటే 6.1 డెసిబెల్. 102 దగ్గర 11.3. మీరు చెప్పిన అంకెలు అవే.

లైన్ వైపే 1.2 ఉంటే 51 దగ్గర 16.2, 102 దగ్గర 22.2 వస్తుంది. 0.6 ఉంటే 10.5, 16.2. అంటే 0.6 కూడా చాలదు. 120 ఓమ్‌ల ఈ1కి లైన్ వైపు 1.2 అడగడం ఇందుకే. 75 ఓమ్‌ల కోయాక్స్‌కి అదే నిష్పత్తిలో తక్కువ సరిపోతుంది.

ట్రాన్స్‌మిట్‌లో 2 ఉన్న వైపే లైన్‌కి ఉంది కనుక అక్కడ తేడా రాలేదు. పార్ట్ ఒకటే, కానీ లైన్‌కి కనిపించే ఇండక్టెన్స్‌లు రెండు.

టంకం_చుక్క
ఇంత లెక్క దేనికండీ, 3 మిల్లీహెన్రీ ఉన్నది వేసేస్తే ఎటు తిప్పినా పని అయిపోతుంది కదా.

మాగ్నెటిక్స్_మావయ్య
అవదు. 3 కూడా ఎక్కువ చుట్లున్న వైపు చెప్పినదైతే తక్కువ చుట్లున్న వైపు 0.75 మాత్రమే: 102 దగ్గర 18.1 డెసిబెల్, గీత మీద నిలబడటం. చలిలో కిందికి జారుతుంది.

పైగా అదే కోర్ మీద చుట్లు పెంచితే లీకేజి కూడా చుట్ల వర్గంతో పెరుగుతుంది, చుట్ల మధ్య కెపాసిటెన్స్ పెరుగుతుంది. కింది చివర బాగుచేయబోయి పై చివర చెడగొట్టుకుంటారు. అడగాల్సింది లైన్ వైపు వైండింగ్ మీద 1.2 కనీసం, లీకేజి 0.6 లోపు. అది ఎక్కువ పర్మియబిలిటీ (అయస్కాంత ఫ్లక్స్‌ని తేలిగ్గా పోనిచ్చే గుణం) ఉన్న చిన్న టొరాయిడ్‌తో, అంటే రింగు ఆకారం కోర్‌తో వస్తుంది, చుట్లు గుమ్మరించడంతో కాదు.

ఉదాహరణకి చుట్టు వర్గానికి 2000 నానోహెన్రీ ఇచ్చే కోర్ తీసుకుంటే, 1.2 మిల్లీహెన్రీకి 25 చుట్లు చాలు అనిపిస్తుంది. కానీ ఈ పదార్థాల టాలరెన్స్ మైనస్ 30 శాతం దాకా ఉంటుంది. అది కలిపితే 30 చుట్లు. ఇంకా ఉష్ణోగ్రత లెక్కలోకి రాలేదు.

స్కోప్_రాణి
మావయ్య గారు చలి అన్నారు కాబట్టి: పర్మియబిలిటీ 10000 ఉన్న మాంగనీస్-జింక్ ఫెర్రైట్ గ్రాఫ్ తెరిచి మైనస్ 40 దగ్గర చూడండి. 25 డిగ్రీల విలువలో సగం దరిదాపులకు పడిపోయేవి ఉంటాయి. డేటాషీట్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉండే 1.2 మిల్లీహెన్రీ 25 డిగ్రీలదే అయితే, బయట క్యాబినెట్‌లో పెట్టే కార్డుకి అది 0.6 అని అనుకోవాలి. విస్తృత ఉష్ణోగ్రతకి ఇచ్చే పార్ట్‌లలో 5000 రకం పదార్థం వాడతారు, గ్రాఫ్ కాస్త చదునుగా ఉంటుంది, బదులుగా చుట్లు ఎక్కువ.

వేడి వైపు ఇంకో హద్దు. 10000 రకం క్యూరీ పాయింట్ (ఫెర్రైట్ అయస్కాంత గుణం పోయే ఉష్ణోగ్రత) 120, 130 డిగ్రీల దగ్గరే ఉంటుంది. రీఫ్లోలో (ఓవెన్‌లో టంకం కరిగించేటప్పుడు) అది దాటినా చల్లారాక తిరిగి వస్తుంది, కంగారు వద్దు. కానీ గట్టి ఎపాక్సీ పోసిన పార్ట్ చల్లారేటప్పుడు ఎపాక్సీ ముడుచుకుని కోర్‌ని నొక్కితే పర్మియబిలిటీ నిజంగానే తగ్గుతుంది. అందుకే బోర్డు మీద టంకం వేశాక కూడా కొన్నిటిని కొలిచి చూడాలి, రీల్‌లోంచి తీసినవి మాత్రమే కాదు.

టంకం_చుక్క
కొలవడం ఎలా? ఎల్‌సీఆర్ మీటర్‌లో ఫ్రీక్వెన్సీ మారిస్తే అంకె మారుతోంది.

స్కోప్_రాణి
మారుతుంది. వోల్టేజి మార్చినా మారుతుంది, ఎందుకంటే ఎక్కువ పర్మియబిలిటీ ఫెర్రైట్ ఫ్లక్స్‌ని బట్టి నడుస్తుంది. డేటాషీట్‌లో ఎన్ని కిలోహెర్ట్జ్, ఎన్ని మిల్లీవోల్టులు అని రాసి ఉంటుంది, అదే పెట్టి కొలవండి. లేకపోతే ఇద్దరి అంకెలూ నిజమే అయినా కలవవు. లీకేజికి రెండో వైండింగ్‌ని పొట్టి, వెడల్పు రాగి పట్టీతో షార్ట్ చేయాలి. పొడవు తీగతో షార్ట్ చేస్తే, 0.6 మైక్రోహెన్రీ కొలిచేటప్పుడు ఆ తీగ ఇండక్టెన్సే గణనీయంగా కలిసిపోతుంది.

సర్జ్_బాబు
పై చివర, 2048 వైపు గురించి ఎవరూ అనలేదు. రఘు గారూ, రిసీవ్‌లో రక్షణకి ఏం పెట్టారు?

లైన్‌కార్డ్_రఘు
లైన్ వైపు జంట తీగల మధ్య 100 పికోఫారడ్ టీవీఎస్ (సర్జ్ వోల్టేజిని అణిచే డయోడ్) ఒకటి. చిప్ వైపు ప్రతి పిన్ నుంచి సప్లైకి ఒక షాట్కీ డయోడ్, గ్రౌండ్‌కి ఒకటి. డయోడ్ ఒక్కోటి 20 పికోఫారడ్.

సర్జ్_బాబు
అదే. 2048 దగ్గర 16 డెసిబెల్ అంటే లైన్ మీద దాదాపు 200 పికోఫారడ్ వేలాడుతున్నట్టు. టీవీఎస్ ది 100. మిగతా 100 చిప్ వైపు నుంచి వస్తోంది. ప్రతి పిన్ మీద రెండు డయోడ్లు, 40 పికోఫారడ్. రెండు పిన్నుల మధ్య చూస్తే అవి సిరీస్, కాబట్టి 20. చిప్ పిన్నులది ఇంకో 5. మొత్తం 25. ట్రాన్స్‌ఫార్మర్ చిప్ వైపు పెంచేది కాబట్టి లైన్ నుంచి చూస్తే కెపాసిటెన్స్ నాలుగింతలవుతుంది: 100.

480 ఓమ్‌లు లైన్ వైపు 120గా కనిపించడం అందరికీ గుర్తుంటుంది. అదే నాలుగు కెపాసిటెన్స్‌ని గుణిస్తుందన్న సంగతి మరిచిపోతారు.

5 పికోఫారడ్ లోపు డయోడ్లు పెడితే పిన్నుల మధ్య 10, లైన్ వైపు 40. టీవీఎస్ 25ది. బోర్డు దారులకీ చుట్లకీ 20 కలిపినా 85. అప్పుడు 2048 దగ్గర 23 పైన, 3072 దగ్గర 20 వస్తుంది.

ఫెర్రైట్_పిచ్చి
దీనికి ఒకటి కలుపుతాను. లీకేజి ఎప్పుడూ శత్రువు కాదు. టీవీఎస్ కెపాసిటెన్స్ ఒక పక్క, చిప్ వైపుది ఇంకో పక్క, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ లీకేజి. అది గ్రీకు అక్షరం π ఆకారంలో ఉన్న లో-పాస్ ముక్క. ఇండక్టెన్స్‌ని కెపాసిటెన్స్‌తో భాగిస్తే 120 వర్గం వచ్చేలా ఉంటే, లైన్‌కి అది ఇంకాస్త కేబుల్ లాగే కనిపిస్తుంది. 100 పికోఫారడ్‌కి 1.44 మైక్రోహెన్రీ. 0.6 మైక్రోహెన్రీ లీకేజి 42 పికోఫారడ్‌ని మింగేస్తుంది. 85లో సగం పోయినట్టే.

సర్జ్_బాబు
లెక్క ఒప్పుకుంటాను, దాని మీద ఆధారపడటం ఒప్పుకోను. డేటాషీట్‌లో లీకేజికి గరిష్ఠమే ఉంటుంది, కనిష్ఠం ఉండదు. ఒక బ్యాచ్ 0.6, తర్వాతి బ్యాచ్ 0.25 రావచ్చు. ఆ మేలు వస్తే రానివ్వండి, డిజైన్ మాత్రం అది లేకుండానే పాస్ కావాలి.

ఫెర్రైట్_పిచ్చి
సరే, అది న్యాయం.

మాగ్నెటిక్స్_మావయ్య
ఇక చోక్. రఘు గారు పెట్టింది రెండు వైండింగ్‌లు కోర్‌కి చెరో పక్కన విడిగా చుట్టిన రకం అయుండాలి, పవర్ సప్లై ఇన్‌పుట్‌లో కనిపించేది. అలా చుట్టిన దానికి లీకేజి 1 శాతం చుట్టూ ఉంటుంది. 4.7 మిల్లీహెన్రీలో 1 శాతం 47 మైక్రోహెన్రీ. సిగ్నల్‌కి సిరీస్‌లో పడేది అదే. లైన్ లూప్‌లో సోర్స్ 120, లోడ్ 120, మొత్తం 240 ఓమ్‌లు. టైమ్ కాన్‌స్టంట్ 196 నానోసెకన్లు. ఈ1 పల్స్ వెడల్పు 244. ఆ వ్యవధిలో పల్స్ 71 శాతం ఎక్కి దిగిపోతుంది: 3 వోల్టుల్లో 2.1. స్కోప్‌లో మీరు చూసిన త్రికోణం అదే.

రెండు తీగలూ జతగా పట్టుకుని కలిపి చుట్టిన బైఫైలర్ చోక్ తీసుకోండి. లీకేజి 0.2 మైక్రోహెన్రీ దగ్గర ఉంటుంది, టైమ్ కాన్‌స్టంట్ ఒక నానోసెకను లోపు. పల్స్‌కి దాని సంగతి తెలియను కూడా తెలియదు.

పవర్ లైన్‌లో విడిగా చుట్టడానికి కారణం ఇన్సులేషన్, రెండు తీగల మధ్య మెయిన్స్ వోల్టేజి నిలబడుతుంది. అక్కడ లీకేజి కూడా ఉపయోగమే, డిఫరెన్షియల్ నాయిస్‌ని తగ్గిస్తుంది. ఇక్కడ రెండు తీగల మధ్య 3 వోల్టులే, ఆ డిఫరెన్షియలే మన సిగ్నల్.

ఎడమచేతి_ఇంజనీర్
4.7 మిల్లీహెన్రీ అసలు అవసరమా? 30 మెగాహెర్ట్జ్ పైన ఎమిషన్ కోసమైతే 50 నుంచి 100 మైక్రోహెన్రీ చాలు. 100 మైక్రోహెన్రీకే 30 మెగాహెర్ట్జ్ దగ్గర కాగితం మీద దాదాపు 19 కిలోఓమ్‌లు. నిజంలో చుట్ల సొంత కెపాసిటెన్స్ వల్ల అంత రాదు, 1, 2 కిలోఓమ్‌లు దక్కినా సరిపోతుంది. ఎక్కువ చుట్లున్న పెద్ద చోక్ 30 మెగాహెర్ట్జ్ దాటాక కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది, చిన్నదాని కంటే అధ్వాన్నం. మిల్లీహెన్రీలు కావలసింది కింది ఫ్రీక్వెన్సీల ఇమ్యూనిటీకి (బయటి నాయిస్‌ని తట్టుకోవడానికి), 150 కిలోహెర్ట్జ్ నుంచి మొదలయ్యే కండక్టెడ్ పరీక్షకి.

టంకం_చుక్క
చోక్ ఎక్కడ పెట్టాలి? ట్రాన్స్‌ఫార్మర్‌కి చిప్ వైపా, లైన్ వైపా?

ఎడమచేతి_ఇంజనీర్
చిప్ వైపు. సర్జ్ తగలదు, ఇన్సులేషన్ గొడవ ఉండదు.

సర్జ్_బాబు
నేను లైన్ వైపే అంటాను. ట్రాన్స్‌మిట్‌లో చిప్ వైపు ఇంపెడెన్స్ 30 ఓమ్‌లే, కాబట్టి ప్రతి నానోహెన్రీ లీకేజి లైన్ వైపు దానికంటే నాలుగింతలు లెక్క. అంతకంటే ముఖ్యం, కామన్ మోడ్ నాయిస్ చాలావరకు ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌ల మధ్య కెపాసిటెన్స్ గుండా దూకుతుంది. 30 పికోఫారడ్ 30 మెగాహెర్ట్జ్ దగ్గర 177 ఓమ్‌లు మాత్రమే. ఆ కరెంటు కేబుల్ దాకా వెళ్ళే దారిలో, కనెక్టర్ పక్కనే చోక్ ఉండాలి. మధ్యలో బోర్డు మీద పొడవాటి దారి వదిలితే చోక్ దాటాక మళ్ళీ నాయిస్ అంటుకుంటుంది.

సర్జ్ మాటకొస్తే కామన్ మోడ్ సర్జ్‌కి చోక్ కోర్ శాచురేట్ అయి మామూలు తీగ అయిపోతుంది, పాడవదు. తీగ మందం మాత్రం చూసుకోవాలి.

ఎడమచేతి_ఇంజనీర్
నాయిస్ పుట్టేది చిప్‌లో కదా, పుట్టిన చోటే ఆపితే?

సర్జ్_బాబు
చిప్‌లో పుట్టినదాన్ని ఆపడానికి చోక్ కంటే చవకైన దారి ఉంది. చిప్ వైపు సెంటర్ ట్యాప్ (వైండింగ్ నడిమి పిన్) ఉంటే దాన్ని 0.1 మైక్రోఫారడ్‌తో గ్రౌండ్‌కి కట్టండి. రిసీవ్‌లో నిశ్చింతగా చేయొచ్చు. ట్రాన్స్‌మిట్‌లో మాత్రం చిప్ తయారీదారు సర్క్యూట్‌లో ఉంటేనే, కొన్ని డ్రైవర్లకి అది పడదు. ఇంకా చాలకపోతే అప్పుడు లైన్ వైపు చోక్.

స్కోప్_రాణి
చోక్ మార్చాక ఒక తనిఖీ. అటు చివర రెండు పిన్నులూ షార్ట్ చేసి ఇటు చివర రెండు పిన్నుల మధ్య ఇండక్టెన్స్ కొలవండి. లీకేజి అంత చిన్న అంకె రావాలి. 4.7 చోక్‌కి 18.8 మిల్లీహెన్రీ వచ్చిందంటే ఫుట్‌ప్రింట్‌లో ఒక వైండింగ్ తిరగబడింది. అప్పుడది కామన్ మోడ్‌ని వదిలేసి సిగ్నల్‌నే ఆపుతుంది. లైబ్రరీలో సింబల్ గీసేటప్పుడు చుక్కలు తారుమారవడం మామూలే.

మాగ్నెటిక్స్_మావయ్య
బైఫైలర్‌లోనూ ఒక లోపం ఉంది, అదీ చెప్పాలి. సన్న ఎనామెల్ తీగలు బిగుతుగా మెలిపెడితే ఆ జత ఇంపెడెన్స్ 50 ఓమ్‌ల చుట్టూ ఉంటుంది. 120 లైన్‌లో అది కెపాసిటెన్స్‌లా కనిపిస్తుంది, 10 నుంచి 30 పికోఫారడ్. రిసీవ్‌లోనూ చోక్ పెడితే సర్జ్ బాబు గారి 85కి ఇది కలపండి. మందం ఇన్సులేషన్ ఉన్న తీగతో చుట్టినవి 100 ఓమ్‌లకి దగ్గరగా వస్తాయి.

లైన్‌కార్డ్_రఘు
అర్థమైంది. ట్రాన్స్‌మిట్‌లో సిరీస్ కెపాసిటర్ 0.47 మైక్రోఫారడ్ చిప్ తయారీదారు సర్క్యూట్‌లో ఉంది. ఈ1 లైన్ కోడ్ హెచ్‌డీబీ3కి డీసీ లేదు కదా, తీసేయొచ్చా?

ఎడమచేతి_ఇంజనీర్
కోడ్‌కి లేదు నిజమే. పాజిటివ్, నెగటివ్ పల్స్‌లు సమానంగా వస్తాయి.

ఫెర్రైట్_పిచ్చి
కోడ్‌కి లేదు గానీ డ్రైవర్‌కి ఉంటుంది. రెండు అవుట్‌పుట్ పిన్నుల నిలకడ వోల్టేజిలో 20 మిల్లీవోల్టుల తేడా ఉన్నా, ఆ లూప్‌లో డీసీకి అడ్డం సిరీస్ రెసిస్టర్లూ రాగీ మాత్రమే. మ్యాచింగ్ కోసం మొత్తం 30 ఓమ్‌లు అనుకుంటే 0.7 మిల్లీఆంపియర్ ఎప్పుడూ పారుతుంది. గ్యాప్ లేని ఎక్కువ పర్మియబిలిటీ టొరాయిడ్‌కి అది కూడా ఇండక్టెన్స్‌ని కొరుకుతుంది. చిప్ రీసెట్‌లో ఒక పిన్ పైన, ఒకటి కింద ఇరుక్కుంటే ఇంకా ఘోరం: 3.3 వోల్టులకి 100 మిల్లీఆంపియర్ పైన. కెపాసిటర్ ఉంచండి. దానివల్ల పల్స్ పైభాగం వాలేది 1 శాతం లోపే: చిప్ వైపు మొత్తం 60 ఓమ్‌లు (మ్యాచింగ్ 30, లైన్ లోడ్ 30), 0.47 మైక్రోఫారడ్, 28 మైక్రోసెకన్లు, అందులో పల్స్ 0.244.

టంకం_చుక్క
1:2 ఎందుకు, 1:1 పెడితే రెండు వైపులా ఒకటే అయ్యేది కదా?

ఫెర్రైట్_పిచ్చి
లైన్ మీద 3 వోల్టులు కావాలి. సోర్స్ మ్యాచింగ్‌లో సగం పోతుంది, కాబట్టి 1:1 అయితే డ్రైవర్ 6 వోల్టులు ఇవ్వాలి. 3.3 సప్లైలో రాదు. 1:2తో చిప్ వైపు 1.5 వోల్టులు, 30 ఓమ్‌లు, 50 మిల్లీఆంపియర్. సోర్స్ 3 వోల్టులు, కష్టంగా సరిపోతుంది. 75 ఓమ్‌లకి 2.37 వోల్టుల పల్స్, చిప్ వైపు 18.75 ఓమ్‌లు, 63 మిల్లీఆంపియర్. వైండింగ్ డీసీ రెసిస్టెన్స్ ఇక్కడే లెక్కకి వస్తుంది: చిప్ వైపు 1 ఓమ్ ఉంటే లైన్ మీద అది 4 ఓమ్‌లు. సిరీస్ రెసిస్టర్ల విలువ అది తీసేసి ఎంచుకోవాలి.

పాత_ఐఎస్‌డీఎన్
ఇదే ట్రాన్స్‌ఫార్మర్ ఐఎస్‌డీఎన్ (డిజిటల్ టెలిఫోన్ లైన్) ఎస్ ఇంటర్‌ఫేస్‌కి పనికొస్తుందా అని కొందరు అడుగుతుంటారు, అది కూడా ఇక్కడే ఉండనివ్వండి. పనికిరాదు. అక్కడ వేగం సెకనుకు 192 కిలోబిట్లు, పల్స్ 5.2 మైక్రోసెకన్లు, 750 మిల్లీవోల్టులు. ఒకే బస్సు మీద చాలా టెర్మినళ్ళు వేలాడతాయి కనుక పల్స్ పంపని టెర్మినల్ బస్సుని లాగకూడదు: దాని ప్రమాణం ఐ.430 ప్రకారం 20 నుంచి 80 కిలోహెర్ట్జ్ మధ్య కనీసం 2500 ఓమ్‌లు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 2500 అంటేనే దాదాపు 20 మిల్లీహెన్రీ లైన్ వైపు. 80 దగ్గర అదే 2500 కావాలంటే మొత్తం కెపాసిటెన్స్ 800 పికోఫారడ్ దాటకూడదు, టెర్మినల్ తీగతో సహా. ఈ రెండింటి మధ్యే ఉండాలి.

దానికి తోడు ఫాంటమ్ ఫీడ్ (సిగ్నల్ తీగల మీదే పంపే పవర్) 40 వోల్టులు సెంటర్ ట్యాప్ గుండా వస్తుంది. రెండు సగాల్లో కరెంటు సమానమైతే కోర్‌లో ఫ్లక్స్ సున్నా. కనెక్టర్, తీగ రెసిస్టెన్స్ తేడాలతో 100 మిల్లీఆంపియర్‌లో 3 అటూ ఇటూ అయినా, ఆ 3 మిల్లీఆంపియర్‌తో కూడా 20 మిల్లీహెన్రీ నిలవాలి. కొనేటప్పుడు డీసీతో పాటు కొలిచిన ఇండక్టెన్స్ అడగండి.

సర్జ్_బాబు
ఎస్ బస్సులో డయోడ్ల విషయం కూడా చెప్పండి, చాలామంది పట్టించుకోరు.

పాత_ఐఎస్‌డీఎన్
అవును. ట్రాన్స్‌ఫార్మర్ చిప్ వైపు 2 అయితే లైన్ మీద 0.75 వోల్టులు అక్కడ 1.5. టెర్మినల్ పవర్ ఆపేస్తే సప్లై సున్నా, సప్లైకి కట్టిన రక్షణ డయోడ్ 0.7కే పారుతుంది, బస్సంతా నలిగిపోతుంది. ఒక ఫోన్ పవర్ ప్లగ్ తీస్తే మిగతావన్నీ ఆగిపోయే ఫాల్ట్‌కి ఇది మొదటి అనుమానం. సప్లైకి కట్టకుండా డయోడ్ బ్రిడ్జి మధ్యలో జీనర్ పెట్టాలి.

లైన్‌కార్డ్_రఘు
మా దాంట్లో టీవీఎస్ జంట మధ్యే ఉంది. ప్రతి తీగ నుంచి చాసిస్‌కి కూడా ఒక్కోటి పెట్టమని సలహా వచ్చింది.

సర్జ్_బాబు
కేబుల్ భవనం దాటకపోతే వద్దు. ట్రాన్స్‌ఫార్మర్ 1500 వోల్టుల ఐసొలేషన్ ఇస్తోంది. చాసిస్‌కి టీవీఎస్ కట్టిన క్షణం ఆ ఐసొలేషన్ టీవీఎస్ వోల్టేజి దగ్గరే ఆగిపోతుంది, హైపాట్ (అధిక వోల్టేజి ఇన్సులేషన్) పరీక్షలో పడిపోతుంది. కామన్ మోడ్ సర్జ్‌ని తేలుతూ ఉన్న వైండింగ్ దానంతట అదే తట్టుకుంటుంది, లైన్ వైపు దారులకీ మిగతా గ్రౌండ్‌కీ మధ్య దూరం ఉంటే. ట్రాన్స్‌ఫార్మర్ కింద లైన్ సగంలో అన్ని పొరల్లోనూ గ్రౌండ్ ప్లేన్ తీసేయండి. బయటికి వెళ్ళే లైన్ అయితే వేరే లెక్క: కే.20, కే.21 సర్జ్ పరీక్షలు, గ్యాస్ ట్యూబ్, ఫ్యూజ్, అన్నీ కలిపి చూడాలి.

స్కోప్_రాణి
రిటర్న్ లాస్ మళ్ళీ కొలిచేటప్పుడు చిప్‌కి పవర్ ఇచ్చి, రిసీవ్ మోడ్‌లో పెట్టి కొలవండి. షాట్కీ కెపాసిటెన్స్ రివర్స్ వోల్టేజిని బట్టి మారుతుంది, పవర్ లేకుండా కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. కనెక్టర్ నుంచి రిటర్న్ లాస్ కొలిచే బ్రిడ్జి దాకా తీగ పొట్టిగా ఉండాలి. ఒకే ప్యాకేజీలో ట్రాన్స్‌మిట్, రిసీవ్ రెండూ ఉన్న పార్ట్‌కి మారుతుంటే వాటి మధ్య క్రాస్‌టాక్ కూడా చూసుకోండి. 43 డెసిబెల్ నష్టంతో వచ్చే సిగ్నల్ 21 మిల్లీవోల్టులే, పక్కనే 3 వోల్టుల పల్స్. 60 డెసిబెల్ వేరు చేసినా 3 మిల్లీవోల్టులు దూరుతుంది.

లైన్‌కార్డ్_రఘు
రిసీవ్‌కి తక్కువ చుట్లున్న వైండింగ్ మీద 1.2 కనీసం ఇచ్చే పార్ట్, 5 పికోఫారడ్ డయోడ్లు, 25 పికోఫారడ్ టీవీఎస్, 100 మైక్రోహెన్రీ బైఫైలర్ చోక్ ఆర్డర్ పెడుతున్నాం. చిప్ వైపు ఇండక్టెన్స్ 4.8 అవుతుంది, దానివల్ల ఏమైనా?

ఫెర్రైట్_పిచ్చి
ఏం కాదు, అక్కడ ఇంపెడెన్స్ కూడా 480. లీకేజి మాత్రం ఏ వైపు కొలిచారో చూడండి. 0.6 చిప్ వైపుదైతే లైన్ వైపు 0.15, మేలే. లైన్ వైపే 0.6 అయినా 3072 దగ్గర అదొక్కటే ఇచ్చే రిటర్న్ లాస్ 26 డెసిబెల్.